ఊరి ఆరోగ్య కేంద్రమూ పట్నపు ఆసుపత్రీ: మధ్యనున్న దారి



మీ ఇంట్లో బీరువా పైనో, ట్రంకుపెట్టె అడుగునో ఒక ప్లాస్టిక్ సంచి ఉండే ఉంటుంది. అందులో నాన్నగారి ఎక్స్‌రేలు, ఇ.సి.జి. కాగితాలు, నాలుగు ఊళ్ల ల్యాబుల రక్తపరీక్షల రిపోర్టులు, ఐదారుగురు డాక్టర్ల చీటీలు కలగాపులగంగా పడి ఉంటాయి. కొత్త డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడల్లా ఆ సంచిని ఆయన బల్ల మీద పెడతాం. ఆయన పైనున్న రెండు కాగితాలు తిరగేసి, "ఇవి పాతవి, మళ్లీ చేయిద్దాం" అని కొత్త పరీక్షలు రాస్తాడు. మనిషి ఒక్కడే, దేహమూ ఒక్కటే. ఆ దేహాన్ని చూసినవారు పదిమంది. మొత్తం కథ తెలిసినవారు మాత్రం ఒక్కరూ లేరు.

ఈ వారం పాఠానికి ఆ సంచే మూలం. ఊరిలో దొరికే మొదటి వైద్యానికీ, పట్నంలో దొరికే ఆసుపత్రి వైద్యానికీ మధ్య దారి ఎందుకు తెగిపోయింది? దానిని కలిపినవారు ఎక్కడైనా ఉన్నారా? ఉంటే ఎలా కలిపారు? ఇది డాక్టర్ల విషయం కదా, మనకెందుకని పేజీ తిప్పేయకండి. ఎకరం పొలం తాకట్టు పెట్టేది డాక్టరు కాదు, మనమే.

వెయ్యిమందిలో ఒక్కరు

ముందుగా ఒక లెక్క చూద్దాం. 1961లో కెర్ వైట్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి అమెరికా, బ్రిటన్ దేశాల వివరాలను పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించాడు. వెయ్యిమంది పెద్దవాళ్లను ఒక నెలపాటు గమనిస్తే, వారిలో 750 మంది ఏదో ఒక అనారోగ్యం ఉందని చెబుతారు. డాక్టరు దగ్గరకు వెళ్లేది 250 మంది. ఆసుపత్రిలో చేరేది 9 మంది. ఒక డాక్టరు మరొక డాక్టరు దగ్గరకు పంపేది ఐదుగురిని. వైద్య కళాశాలకు అనుబంధమైన పెద్దాసుపత్రి దాకా వెళ్లేది ఒకే ఒక్కరు.

మన దేశం వేరు, కాలమూ మారింది. అంకెలు కొంత అటూ ఇటూ కావచ్చు. అయినా ఆ లెక్క చూపించిన ఆకారం మారలేదు. జబ్బులలో అత్యధిక భాగం ఇంట్లోనూ ఊరిలోనూ పుట్టి, అక్కడే తగ్గుతుంది లేదా అక్కడే ముదురుతుంది. మన డబ్బు, మన గౌరవం, మన భయం మాత్రం ఆ ఒక్కరి చుట్టూ, ఆ పెద్ద భవనం చుట్టూ తిరుగుతున్నాయి. "మా తమ్ముడు కార్పొరేట్ ఆసుపత్రిలో చూపించుకున్నాడు" అని పదిమందిలో చెప్పుకుంటాం. "మా ఏ.ఎన్.ఎం. అమ్మ సకాలంలో బి.పి. చూసి పట్టేసింది" అని ఎవరైనా గొప్పగా చెప్పుకోగా మీరు విన్నారా?

ఈ రెండు వైద్యాలనూ ఒకే గొలుసుగా కట్టాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1920లో బ్రిటన్‌లో డాసన్ నివేదిక, ఊరికి దగ్గరగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, దానిపైన మరొక స్థాయి, ఆ పైన బోధనాసుపత్రి ఉండాలని సూచించింది. మన దేశానికి స్వాతంత్ర్యం రాకముందే, 1946లో సర్ జోసఫ్ భోర్ కమిటీ అటువంటి మూడంచెల ఏర్పాటునే మన పల్లెలకు ప్రతిపాదించింది. ఆ కమిటీ దూరదృష్టి ఎంతటిదంటే, 10,000 నుండి 20,000 జనాభాకు ఒక ప్రాథమిక కేంద్రం, అందులో 75 పడకలు, దానిపైన 650 పడకల ఆసుపత్రి, జిల్లా కేంద్రంలో 2,500 పడకల ఆసుపత్రి ఉండాలని రాసింది. రాసింది రాసినట్లే కాగితం మీద మిగిలింది. 1952 నుండి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలైతే వెలిశాయి. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం అన్న కొలతలు తర్వాత స్థిరపడ్డాయి. మెట్లు కట్టారు, నిజమే. ఒక మెట్టు మీదివాడు పై మెట్టు మీదివాడితో మాట్లాడే ఏర్పాటు మాత్రం చేయలేదు.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు అరిస్టాటిల్ చెప్పిన ఒక మాట మాకు బాగా నూరిపోశారు. దేహం నుండి వేరైన చెయ్యి పేరుకు మాత్రమే చెయ్యి. చేసే పని పోయాక దానిని చెయ్యి అనడం వట్టి మాటవరసకే. పైకి పంపే దారిలేని ఉపకేంద్రం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ మాటే తోస్తుంది. ఇక్కడ రెండో సగం కూడా చెప్పాలి. ఊరితో సంబంధంలేని ఆసుపత్రి కూడా అంతే. గ్రానైట్ రాళ్లు పరిచినంత మాత్రాన అది దేహమైపోదు.

జామ్‌ఖేడ్ కథ

మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ జిల్లా ఉంది. 2024లో దానికి అహిల్యానగర్ అని పేరు మార్చారు. ఆ జిల్లాలో జామ్‌ఖేడ్ తాలూకా కరవుకు పెట్టింది పేరు. 1970లో రాజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే అనే వైద్య దంపతులు అక్కడకు చేరుకున్నారు. ఇద్దరూ మన చిత్తూరు పొరుగునే ఉన్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివినవారు. పెళ్లి నాడే పల్లెల్లోని పేదలకు జీవితం అంకితం చేయాలని ఇద్దరూ నిర్ణయించుకున్నారు.

వారి మొదటి కొలువు వడాలా అనే చోట ఒక మిషన్ ఆసుపత్రిలో. పగలూ రాత్రీ పనిచేశారు, ఆపరేషన్లు చేశారు, ఆసుపత్రికి మంచి పేరు తెచ్చారు. కొంతకాలానికి వారిని ఒక ప్రశ్న పట్టుకుంది. వాంతులు విరేచనాలతో వచ్చిన పసిబిడ్డకు సెలైన్ ఎక్కించి పంపుతున్నాం, నెల తిరక్కుండానే అదే బిడ్డ మళ్లీ వస్తున్నాడు, లేదా వాడి చెల్లెలు వస్తోంది. ఆసుపత్రి ఎంత బాగా నడిచినా చుట్టుపక్కల ఊళ్లలో చావులు తగ్గడం లేదే? అమెరికా వెళ్లి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం చదివి తిరిగి వచ్చినది ఆ ప్రశ్నకు జవాబు వెదకడానికే.

జామ్‌ఖేడ్‌లో వారికి మొదట దొరికిన చోటు పాత పశువైద్యశాల. ఊరివారిని కూర్చోబెట్టి మీకేం కావాలని అడిగితే వారు ఆసుపత్రి కావాలనలేదు. నీళ్లు కావాలన్నారు, తిండి కావాలన్నారు. డాక్టర్లు అందుకు సరేనన్నారు. గొట్టపు బావులు వేయించారు. వాటిని దళితవాడల్లో పడేటట్లు చూశారు. నీళ్లు కావలసిన పెద్ద కులాలవారు కడవ పట్టుకుని అటు నడవక తప్పలేదు. వైద్యానికీ దీనికీ సంబంధమేమిటని అడిగేవారికి విరేచనాల వార్డే సమాధానం చెబుతుంది.

తర్వాత వచ్చిన చిక్కు మన ఊళ్లకూ బాగా తెలిసినదే. శిక్షణ పొందిన నర్సులను పల్లెల్లో ఉంచాలని చూశారు. పట్నంలో పెరిగిన పడుచుపిల్లలు ఒంటరిగా పల్లెలో ఉండలేకపోయారు. ఊళ్లోని ఆడవాళ్లు వారి మాట వినలేదు. పెళ్లికాని పిల్ల కాన్పు గురించి చెబితే ఎవరు వింటారు? అప్పుడు ఒక ఊరి సర్పంచి సలహా ఇచ్చాడు: మా ఊరి ఆడమనిషికే నేర్పరాదా అని. ఆ మాటతో పని మలుపు తిరిగింది. ప్రతి ఊరూ తనలో నుండి ఒక స్త్రీని ఎన్నుకుంది. వారిలో చాలామందికి చదువు రాదు. చాలామంది దళితులు, కొందరు భర్త వదిలేసినవారు. వారానికొకసారి వాళ్లు జామ్‌ఖేడ్‌కు వచ్చి, ఒక రాత్రి ఉండి, వేర్వేరు కులాలవారు కలిసి కూర్చుని నేర్చుకునేవారు. గర్భిణిని ఎలా చూడాలి, కాన్పు ఎలా చేయాలి, ఉప్పు పంచదార కలిపిన నీళ్లు ఎలా పట్టాలి, ఏ దగ్గు క్షయ కావచ్చు, ఏ మచ్చ కుష్ఠు కావచ్చు. అన్నిటికంటే ముఖ్యమైన పాఠం మరొకటి: ఏది నా వల్ల కాదు, దాన్ని ఎప్పుడు పైకి పంపాలి.

పాఠకులారా, ఇక్కడ కొంచెం ఆగి చూడండి. ఆరోగ్య కార్యకర్తలను నియమించినవారు లోకంలో చాలామందే ఉన్నారు. జామ్‌ఖేడ్‌లో భిన్నమైనది ఏమిటంటే, ఆ స్త్రీ వెనుక ఒక ఆసుపత్రి నిలబడింది. నర్సు, సామాజిక కార్యకర్త, అవసరమైతే డాక్టరు ఉన్న బృందం జీపులో ఊళ్లకు తిరిగేది. ఆ బృందం ఊళ్లోకి రాగానే మొదట వెళ్లేది ఆ కార్యకర్త దగ్గరకే. తనకు అంతుపట్టని రోగులను ఆమె వారికి చూపించేది. ఆపరేషను అవసరమైనవారు జామ్‌ఖేడ్ ఆసుపత్రికి వెళ్లేవారు. కోలుకుని వచ్చినవారిని మళ్లీ ఆమే చూసుకునేది. కుష్ఠు రోగులకు వేరే గది, వేరే రోజు పెట్టలేదు. అందరితో పాటు అదే వరుసలో చూశారు. ఆమె పంపిన రోగిని ఆసుపత్రిలో డాక్టరు శ్రద్ధగా చూస్తే, ఆ సాయంత్రానికి ఊళ్లో ఆమె మాటకు విలువ పెరుగుతుంది. విలువ పెరిగాక, "బిడ్డకు ఆరు నెలలు నిండాయి, మెత్తటి అన్నం పెట్టమ్మా" అని ఆమె చెప్పిన మాట కూడా చెవికెక్కుతుంది. ఆసుపత్రి ఆమెకు పరపతి ఇచ్చింది. ఆమె ఆసుపత్రికి రోగుల బరువు తగ్గించింది.

1971లో ఆ ప్రాంతంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో 176 మంది ఏడాదిలోపే కన్నుమూసేవారు. 1990ల నాటికి ఆ సంఖ్య 30 లోపుకు దిగింది. 1975లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ తాను ప్రచురించిన ఒక పుస్తకంలో జామ్‌ఖేడ్ పనిని చేర్చింది. 1978 సెప్టెంబరులో అల్మా ఆటాలో 134 దేశాల ప్రతినిధులు ప్రాథమిక ఆరోగ్యంపై ప్రకటన చేసేనాటికి లోకం ముందున్న ఆదర్శాలలో అది ఒకటి. ఆ దంపతులకు 1979లో మెగసెసే పురస్కారం లభించింది. మేబెల్ 1999లో, ఆమె భర్త 2011లో మరణించారు. 1988లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద సభలో ఆ పల్లె కార్యకర్తలలో ఒకామె మాట్లాడుతూ, సభామందిరంలో వెలిగే ఖరీదైన దీపాలను డాక్టర్లతోనూ, తమను చిన్న దీపాలతోనూ పోల్చింది. చిన్న దీపం నుండి మరొక దీపం వెలిగించుకోవచ్చు, పెద్ద దీపానికి ఆ వీలు లేదన్నది ఆమె భావం. అక్షరం రాని స్త్రీ చెప్పిన ఆ పోలికను మా తత్వశాస్త్ర ఆచార్యులు వింటే సంతోషించి ఉండేవారు.

1931లో పదకొండవ భక్తినాథ పోపుగారు తన విశ్వలేఖలో ఒక సూత్రం చెప్పారు: చిన్న సమాజం చేయగల పనిని పెద్ద సమాజం లాక్కోకూడదు; చిన్నదానికి చేతకాని చోట పెద్దది ఆదుకోవాలి. ఆయన చెప్పింది సమాజ వ్యవస్థ గురించి. వైద్యానికి కూడా ఇది అక్షరాలా సరిపోతుందని నా అభిప్రాయం. ఊరి కార్యకర్త చేయగల పనికి పట్నం డాక్టరు అక్కర్లేదు. అయితే ఆమె చేతులెత్తేసిన క్షణంలో పెద్దాసుపత్రి తలుపు తెరిచి ఉండాలి. ఈ రెండో సగాన్ని మరచిపోయి, "ప్రాథమిక ఆరోగ్యం" పేరుతో పేదవాడికి చవక వైద్యాన్ని అంటగట్టేవారూ ఉన్నారు. అది సూత్రాన్ని సగానికి కోయడమే.

మన ఇంటి ఉదాహరణ

జామ్‌ఖేడ్ దాకా ఎందుకు, మన గుంటూరుకు వద్దాం. మేరీ గ్లోరీ అనే ఆస్ట్రేలియా వైద్యురాలు 1920లో అక్కడకు వచ్చి మఠకన్యగా జీవించారు. మఠకన్యగా ఉంటూ వైద్యం చేయడానికి ఆనాడు రోము నుండి ప్రత్యేకానుమతి కావలసి వచ్చింది. ఆమె సెయింట్ జోసఫ్ ఆసుపత్రిని పెంచారు. మన తెలుగు ఆడపిల్లలకు మందులు కలపడం, మంత్రసానితనం, నర్సు పని నేర్పించారు. ఒక్క డాక్టరు చేతులు ఒక జిల్లాకు చాలవని ఆమెకు తెలుసు కనుకనే ఆ శిక్షణ. 1943లో మరికొందరు సోదరీమణులతో కలిసి గుంటూరులోనే కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. ఆ సంఘం పేరులో "ఆసుపత్రి" అన్న మాట తర్వాత "ఆరోగ్యం"గా మారింది. ఒక్క పదం మార్పే అయినా దాని వెనుక చాలా ఆలోచన ఉంది. ఆ సంఘపు ప్రధాన కార్యాలయం సికిందరాబాదులో ఉంది. 2013లో ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించారు.

కమీషను దారి

ఇప్పుడు కొంచెం చేదు మాట. మన పల్లెల్లో మొదటి వైద్యానికీ ఆసుపత్రి వైద్యానికీ మధ్య దారి లేదన్నాను. ఒక దారి ఉంది. అది కమీషను దారి.

ఆర్.ఎం.పి. డాక్టరు గారిని నేను తేలికగా తీసిపారేయను. అర్ధరాత్రి తలుపు తడితే లేచేది ఆయనే. డబ్బు పంట చేతికొచ్చాక ఇవ్వమనేది ఆయనే. వరసలు పెట్టి పిలుస్తాడు, మన ఇంటి అరుగు మీద కూర్చుంటాడు. ప్రభుత్వ కేంద్రం సాయంత్రానికి తాళం వేసుకున్న ఊళ్లో జనం ఆయన వైపు నడిచారంటే తప్పు జనానిది కాదు. అయితే జ్వరానికి సెలైను, నడుం నొప్పికి స్టెరాయిడ్ సూది, దగ్గుకు మూడు రకాల యాంటీబయాటిక్కులు అన్న వరసను మాత్రం ఒప్పుకోలేం. రోగం ముదిరాక ఫలానా నర్సింగ్ హోముకే తీసుకెళ్లమని కారు మాట్లాడి పంపిస్తే, అక్కడ బిల్లులో కొంత ఆయనకు ముట్టే చోట్లు ఉన్నాయని మీకూ తెలుసు. ఈ ఏర్పాటులో లోపం ఒక మనిషి గుణంలో లేదు, ప్రతిఫలం ఇచ్చే పద్ధతిలో ఉంది. పంపినందుకు డబ్బు వస్తుంది; పంపనక్కర్లేకుండా చూసినందుకు ఏమీ రాదు. రోగి తిరిగి వచ్చాక అతణ్ణి కనిపెట్టుకుని ఉన్నందుకూ ఏమీ రాదు. ఇది పైకి మాత్రమే వెళ్లే ఒంటి దారి.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన 108 అంబులెన్సు ఎన్నో ప్రాణాలు నిలిపింది. అదే ఏడాది జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్త వచ్చింది. జామ్‌ఖేడ్ స్త్రీల పోలిక ఆమెలో కనబడుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 104 బండి నెలకొకసారి ఊరికి వచ్చి బి.పి., షుగరు మాత్రలు ఇచ్చేది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. గుండె ఆపరేషను పేదవాడికి అందుబాటులోకి వచ్చింది. దానిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే మొదలైననాడు అది ఆసుపత్రిలో చేరాక చేసే పెద్ద వైద్యానికే డబ్బిచ్చింది. గుండెకు ఆ గతి పట్టకుండా పదేళ్లపాటు రోజుకొక బి.పి. మాత్ర వేసుకునేటట్లు చూసే మనిషికి అంతటి ప్రాధాన్యం దక్కలేదు. 2018 తర్వాత ఉపకేంద్రాలను ఆరోగ్య కేంద్రాలుగా పెంచి, శిక్షణ పొందిన నర్సును అక్కడ కూర్చోబెట్టి, ముప్పై దాటినవారికి బి.పి., షుగరు చూసే పని మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో డాక్టరే ఊరికి వచ్చే ఫ్యామిలీ డాక్టర్ పథకం ప్రారంభమైంది. తెలంగాణలో పల్లె దవాఖానాలు వెలిశాయి. పథకాలకు పేర్లు మారుతుంటాయి, పార్టీలు మారినప్పుడు బోర్డులు మారుతుంటాయి. మనం చూడవలసింది బోర్డు కాదు, దారి.

పైకి ఎక్కే దారి, కిందికి దిగే దారి

పైకి ఎక్కే దారిని కాన్పు విషయంలో స్పష్టంగా చూడవచ్చు. 1994లో సెరీన్ తాడ్డియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు బాలింత మరణాలకు మూడు ఆలస్యాలు కారణమని చూపించారు. ఆసుపత్రికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం. బయలుదేరాక చేరడంలో ఆలస్యం. చేరిన తర్వాత వైద్యం అందడంలో ఆలస్యం.

మన ఇళ్లలో మొదటిది ఎలా జరుగుతుందో చూడండి. కోడలికి తొమ్మిదో నెల. కాళ్లు, ముఖం వాచాయి, తల నొప్పి అంటోంది. "నాకు నలుగురు పుట్టినప్పుడు కాళ్లు వాయలేదా?" అంటుంది అత్తగారు. మామగారు పొలం నుండి రావాలి. కొడుకు హైదరాబాదులో పనిలో ఉన్నాడు, ఫోను తీయడం లేదు. అలా పూట గడిచిపోతుంది. బి.పి. 140/90 దాటితే గర్భిణికి అది హెచ్చరిక. తలనొప్పి, కళ్లు బైర్లు కమ్మడం తోడైతే ఇక గంటలు లెక్కపెట్టుకోవాలి. ఈ ఆలస్యాన్ని ఏ ఆసుపత్రీ తగ్గించలేదు. తగ్గించగలది వారం వారం గుమ్మంలోకి వచ్చి, అత్తగారితో చనువుగా పోట్లాడగల ఆశా కార్యకర్త మాత్రమే. రెండో ఆలస్యాన్ని 108 చాలావరకు తగ్గించింది. మూడోది ఆసుపత్రి చేతిలో ఉంది. ఏ.ఎన్.ఎం. ముందుగా ఫోను చేసి, "రక్తం తక్కువగా ఉన్న గర్భిణి వస్తోంది, హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువ" అని చెబితే రక్తం సిద్ధంగా ఉంటుంది. చెప్పే అలవాటు, వినే అలవాటు రెండూ ఉండాలి. చిన్న కేంద్రం నుండి వచ్చిన చీటీని పెద్దాసుపత్రిలో చదవకుండా పక్కన పడేయడం ఒక జబ్బు. దానికి మాత్ర ఇంకా కనిపెట్టలేదు.

కిందికి దిగే దారి గురించి ఎవరూ మాట్లాడరు. నా దృష్టిలో అసలు నష్టం అక్కడే జరుగుతోంది. పక్షవాతం వచ్చి పది రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చిన పెద్దాయన చేతిలో ఇంగ్లీషులో రాసిన డిశ్చార్జి కాగితం ఉంటుంది. నెల మాత్రలు అయిపోతాయి. "ఇప్పుడు బాగానే ఉందిగా" అని ఆపేస్తారు. ఏడాది తిరగకుండా రెండో దెబ్బ. క్షయకు కనీసం 6 నెలలు మందులు మింగాలి. రెండో నెలలోనే దగ్గు తగ్గి ఆకలి పుట్టగానే మానేస్తే, మందులకు లొంగని క్షయగా మారే ప్రమాదం ఉంది. మూర్ఛకు ఏళ్ల తరబడి మాత్రలు వాడాలి. మతి చలించినవారికీ అంతే. ఆసుపత్రి నుండి వచ్చాక మందు ఆపి, దర్గాకో, గుడికో, ప్రార్థన కూటానికో తిప్పుతాం. ప్రార్థించండి, తప్పక ప్రార్థించండి, మాత్ర మింగించి ప్రార్థించండి. వీటన్నిటిలోనూ ఆసుపత్రి పని పది రోజులది, ఊరి పని పదేళ్లది.

గోదావరి ఆవల, మన తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1986 నుండి చేసిన పని దీనికి గట్టి సాక్ష్యం. పుట్టిన బిడ్డను మొదటి నెలలో ఇంటికి వెళ్లి చూడడం, బరువు తూచడం, వెచ్చగా ఉంచడం, జబ్బు గుర్తు పట్టడం పల్లె స్త్రీలకు నేర్పారు. 39 ఊళ్లలో చేసిన ఆ ప్రయోగంలో నవజాత శిశు మరణాలు మూడో ఏటికి 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఇప్పుడు మన ఆశా కార్యకర్త చేతికి అదే పని వచ్చింది. ఆసుపత్రిలో కాన్పు అయిన బిడ్డను ఆమె 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి వచ్చి చూడాలి. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా. మీ ఇంట్లో పసిబిడ్డ పుట్టాక ఆమె ఎన్నిసార్లు వచ్చింది? రాకపోతే అడగండి. వస్తే ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి, చెప్పేది వినండి. ఆమె వచ్చే వేళకు బిడ్డను పుట్టింటికి పంపేస్తే, ఆ సంగతి ఆ ఊరి ఆశాకు చేరేటట్లు చూడండి.

మన చేతిలో ఉన్నవి

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ అని ప్రతి ఊరికీ ఒకటి ఉండాలి. 2005 నాటి పథకంలోనే దానికి ఏడాదికి 10,000 రూపాయల నిధి నిర్ణయించారు. చాలా ఊళ్లలో అందులో సభ్యులెవరో సభ్యులకే తెలియదు. విచారణ మహిళా సంఘాలవారు, ఉపదేశులు, యువకులు తమ ఊరి కమిటీ పేర్లు కనుక్కుని, గ్రామసభలో ఆ లెక్క అడగవచ్చు. ఆ డబ్బుతో తెరిచి ఉన్న మురుగు కాలువ మూయించవచ్చు, అర్ధరాత్రి గర్భిణిని తరలించడానికి ఆటోకు ముందుగానే మాట్లాడి పెట్టుకోవచ్చు. ఇది మతాల పని కాదు, ఊరంతటి పని. పక్క వీధి హిందువులనూ ముస్లిములనూ కలుపుకుని వెళ్లండి. మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆసుపత్రి అభివృద్ధి సంఘం కూడా ఉంటుంది. డాక్టరు ఉంటున్నాడా, పాముకాటు మందు నిలవ ఉందా, ఫ్రిజ్ పనిచేస్తోందా అని అడగదగిన చోటు అదే.

మన సోదరీమణులు నడిపే చిన్న ఆసుపత్రులకూ ఒక మాట, చనువుతో. మీ గేటు దాటి బయటకు వెళ్లే రోగి చేతికి తెలుగులో రాసిన ఒక చిన్న చీటీ ఇవ్వగలరా? ఆ రోగి ఊరి ఆశా కార్యకర్తను నెలకొకసారి పిలిచి, మీరు పంపినవారికి ఏం జరిగిందో చెప్పి, ఒక పూట కూర్చోబెట్టగలరా? దీనికి కొత్త భవనం అక్కర్లేదు.

ఇక ఇంట్లో ఉన్న ఆ ప్లాస్టిక్ సంచి సంగతి. ఈ ఆదివారం మధ్యాహ్నం దానిని దులపండి. తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఎవరైనా ఉంటే ఆమె చేత కాగితాలు తేదీల వరుసలో పెట్టించి, ఒక ఫైలులో గుచ్చండి. పైన ఒక తెల్లకాగితం మీద పెద్దాయన వయసు, ఉన్న జబ్బులు, ఇప్పుడు వాడుతున్న మాత్రల పేర్లు, పడని మందు ఏదైనా ఉంటే అది తెలుగులో రాయించండి. ఈ మధ్య ఆరోగ్యానికి కంప్యూటర్ నంబరు ఇస్తున్నారు, మంచిదే, తీసుకోండి. కాని కరెంటు పోయిన రాత్రి పనికొచ్చేది ఆ తెల్లకాగితమే. ఆసుపత్రి నుండి బయటకు వచ్చేటప్పుడు బిల్లు కౌంటరు దగ్గర తొందరపడకుండా నర్సును అడగండి: ఏ మాత్ర ఎంతకాలం, ఏ గుర్తు కనబడితే వెంటనే రావాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, ఊరిలో ఎవరికి చూపించాలి. డిశ్చార్జి కాగితాన్ని జిరాక్సు తీయించి, ఆ కాపీని మీ ఊరి ఏ.ఎన్.ఎం. అమ్మ చేతికివ్వండి. ఆమె దానిని తన రిజిస్టరులో ఎక్కించుకునే వరకు అక్కడే కూర్చోండి.